157 దేశాలు గుర్తించాక పాలస్తీనాకు ఇంకా ఏమి తక్కువ?

తర్వాత చదివేవారి కోసం మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెబుతాను. మీ బావ 2024లో హైదరాబాదులో జరిగిన ఎంపికల్లో నెగ్గి, నిర్మాణ పని మీద ఇజ్రాయెల్ వెళ్లారు. పాలస్తీనాను 157 దేశాలు గుర్తించాయని మీరు వార్తల్లో విన్నారు. అంటే అది దేశమైపోయినట్టేనా, నిజంగా దేశమైతే అక్కడ ఏమి మారుతుంది, బావ పనికి ఏమైనా ఇబ్బంది వస్తుందా అని అడిగారు.

సూటిగా చెబుతాను. కాగితం మీద పాలస్తీనా దేశమే. గేటు దగ్గర ఇంకా కాలేదు. సరిహద్దులో ముద్ర వేసేది, సుంకం వసూలు చేసేది, పుట్టిన బిడ్డకు నంబరు ఇచ్చేది ఎవరో చూస్తే ఒక దేశం సంగతి తెలిసిపోతుంది. ఈ మూడు పనుల్లోనూ అక్కడ చివరి మాట ఇజ్రాయెల్‌దే. ఎన్ని దేశాలు గుర్తించినా ఆ మూడు చేతులు మారలేదు. మీ బావ పని గురించి చివర్లో రాస్తాను, అది విడిగా చెప్పుకోవలసిన విషయం.

నేను రాయబారినీ కాను, ఆచార్యుణ్ణీ కాను. 2004 నుంచి 2018 దాకా జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో ఒక సరుకు రవాణా సంస్థలో కస్టమ్స్ కాగితాలు చూశాను. మా సరుకులో చాలా భాగం జోర్డాన్ నది మీది వంతెన దాటి, పాలస్తీనాలో పెద్ద భాగమైన వెస్ట్ బ్యాంకుకు వెళ్లేది. కాబట్టి నా జవాబు గుమాస్తా కోణం నుంచి ఉంటుంది. టీవీ చర్చల్లో ఈ కోణం దాదాపు కనిపించదు.

మొదట ఒక గందరగోళం తీర్చుకుందాం. గుర్తింపు వేరు, ఐక్యరాజ్యసమితి సభ్యత్వం వేరు. 1988 నవంబరు 15న అల్జీర్స్‌లో పాలస్తీనా విమోచన సంస్థ (పీఎల్ఓ) నాయకుడు యాసర్ అరాఫత్ పాలస్తీనా స్వాతంత్ర్యాన్ని ప్రకటించారు. మూడు రోజులకే భారత్ గుర్తించింది. 2012 నవంబరు 29న సాధారణ సభ 138–9 ఓట్లతో 'సభ్యత్వం లేని పరిశీలక దేశం' హోదా ఇచ్చింది. పూర్తి సభ్యత్వం రావాలంటే భద్రతా మండలి సిఫారసు చేయాలి. 2024 ఏప్రిల్ 18న అక్కడ 12 దేశాలు అవునన్నాయి, రెండు తటస్థంగా ఉన్నాయి, అమెరికా ఒక్కటే వీటో చేసింది. కథ అక్కడే ఆగింది. 2025 సెప్టెంబరులో బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, ఫ్రాన్స్ వంటివి వరసగా గుర్తించాయి. మీరు విన్న 157 ఆ నెలాఖరు లెక్క. అమెరికా పక్షాన ఉండే పెద్ద దేశాలు కదిలాయి కాబట్టి రాజకీయంగా ఇది చిన్న విషయం కాదు. అయితే మర్నాడు పొద్దున వంతెన దగ్గర నిలబడ్డ లారీ డ్రైవరుకు దానివల్ల ఏమీ మారలేదు.

చట్టం చదివినవారు 1933 నాటి మాంటెవీడియో ఒప్పందం చెబుతారు. శాశ్వత జనాభా, నిర్దిష్ట భూభాగం, ప్రభుత్వం, ఇతర దేశాలతో వ్యవహరించే సామర్థ్యం, ఈ నాలుగూ ఉంటే దేశం అంటారు. జనాభాకు కొదవ లేదు. వందకు పైగా దేశాలతో వ్యవహారమూ నడుస్తోంది. చిక్కంతా మధ్యలోని రెండింటి దగ్గర ఉంది. వాటికంటే ముందు డబ్బు సంగతి చెప్పాలి. నేను కళ్లారా చూసింది అదే.

ఖజానా తాళం పొరుగింట్లో ఉంది. 1994 ఏప్రిల్ 29న పారిస్‌లో ఒక ఆర్థిక ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం ఇజ్రాయెల్, పాలస్తీనా ప్రాంతాలు కలిపి ఒకే సుంకాల పరిధి. పాలస్తీనా వ్యాపారి తెప్పించుకునే సరుకు మీద సుంకాన్ని, వ్యాట్‌ను ఇజ్రాయెల్ వసూలు చేస్తుంది. మూడు శాతం వసూలు రుసుముగా ఉంచుకుని, మిగతాది నెలకోసారి పాలస్తీనా అథారిటీకి, అంటే వెస్ట్ బ్యాంకులో పరిమిత పాలన నడిపే పాలస్తీనా ప్రభుత్వానికి పంపాలి. అరబ్బీలో దీన్ని 'మఖాస్సా' అంటారు. అథారిటీ కేంద్రమైన రామల్లాలో బడిపంతులు మొదలు పోలీసు దాకా అందరి నోటా ఉండే మాట ఇది. అథారిటీ ఆదాయంలో మూడింట రెండు వంతుల దాకా ఈ దారిలోనే వస్తుంది. నెలాఖరుకు 'మఖాస్సా వచ్చిందా' అని అడిగితే, జీతం వచ్చిందా అని అడిగినట్టే.

అది రాకపోవడం కొత్త కాదు. 2006 పాలస్తీనా ఎన్నికల్లో సాయుధ సంస్థ హమాస్ గెలిచాక ఆపారు. ఖైదీల కుటుంబాలకు, దాడుల్లో చనిపోయినవారి కుటుంబాలకు అథారిటీ ఇస్తున్న భత్యాల మొత్తాన్ని కోయడానికి 2018లో చట్టమే చేశారు. ఆ భత్యాలు హింసకు బహుమతులని ఇజ్రాయెల్ వాదన. అందులో పూర్తిగా పస లేదని నేననను. 2025 ఫిబ్రవరిలో అథారిటీ అధ్యక్షుడు మహమూద్ అబ్బాస్ ఆ పద్ధతిని రద్దు చేస్తూ ఉత్తర్వు ఇచ్చారు. అయినా అదే ఏడాది మే నుంచి బదిలీలు పూర్తిగా నిలిచిపోయాయి. ఉద్యోగులకు సగం జీతం, కాస్త నయమైన నెలలో అరవై శాతం. సొంత కరెన్సీ కూడా లేదు. షెకెల్, జోర్డాన్ దీనార్, డాలర్‌లతో నడిపించుకుంటారు.

దీనిలో బయటివారికి అంతగా కనిపించని మెలిక ఒకటి ఉంది. నబ్లుస్‌లో ఒక వ్యాపారికి మేము బాస్మతి బియ్యం తెప్పించేవాళ్లం. ఒకసారి బ్యాంకు లెటర్ ఆఫ్ క్రెడిట్‌లో (చెల్లింపు హామీ పత్రంలో) గమ్యస్థానం 'పాలస్తీనా' అని ఉంది. ఓడ కంపెనీ బిల్ ఆఫ్ లేడింగ్‌లో (సరుకు రసీదులో) 'అష్దోద్ రేవు, ఇజ్రాయెల్' అని ఉంది. రెండూ పొంతన లేవని బ్యాంకు డబ్బు ఆపింది. సవరణ కాగితాలు తిరిగి వచ్చేసరికి తొమ్మిది రోజులు గడిచాయి. కంటైనర్ రేవులోనే ఉండిపోయింది, అద్దె రోజురోజుకీ పెరిగింది. ఆ తర్వాతి సరుకును అతను నేరుగా తెప్పించుకోలేదు. ఒక ఇజ్రాయెలీ దిగుమతిదారు దగ్గర కొన్నాడు. ఫోన్ చేసి నన్నే ఓదార్చాడు: 'నీ తప్పు కాదు, ఆ ఇజ్రాయెలీకైతే రెండు రోజుల్లో పని అవుతుంది.'

నబ్లుస్ వ్యాపారికి పని సులువైంది. దేశానికి మాత్రం నష్టం. సరుకు ఇజ్రాయెలీ వ్యాపారి పేరిట దిగితే దిగుమతి సుంకం ఇజ్రాయెల్ ఖజానాలోనే ఉండిపోతుంది. ఆ బియ్యం చివరికి నబ్లుస్ వంటింట్లో ఉడికినా, రామల్లాకు ఆ సుంకంలో ఒక్క షెకెల్ రాదు. ఇలాంటి వ్యాపారులు వేలల్లో ఉంటారు. గుర్తింపు తీర్మానాలు ఈ కన్నాన్ని పూడ్చలేవు. సొంత రేవు, సొంత కస్టమ్స్ గేటు ఉంటేనే అది పూడుతుంది.

వంతెన దారీ అంతే. అమ్మాన్ నుంచి నబ్లుస్‌కు గీత గీస్తే డెబ్బై కిలోమీటర్లు. జోర్డాన్ లారీ సరుకు దింపాలి, తనిఖీ కావాలి, అవతలి లారీలోకి ఎక్కించాలి. రెండుసార్లు దింపుడు, రెండుసార్లు కూలీ. కొన్ని రకాల ఎరువులు, రసాయనాలు, యంత్ర భాగాలు 'ఆయుధాలకూ పనికొస్తాయి' అన్న జాబితాలో ఉంటాయి, వాటికి విడిగా అనుమతి కావాలి.

బిడ్డకు నంబరు. పాలస్తీనా పాస్‌పోర్టు 1995 నుంచి ఉంది, అథారిటీయే ముద్రిస్తుంది. కానీ జనాభా రిజిస్టరు ఇజ్రాయెల్ కంప్యూటర్లలో ఉంటుంది. అందులోకి ఎక్కని పేరు సరిహద్దులో చెల్లదు. 2020లో వెస్ట్ బ్యాంకును కలుపుకుంటామన్న ఇజ్రాయెల్ ప్రకటనకు నిరసనగా అథారిటీ సమన్వయం ఆపేసి, పుట్టినవారి వివరాలు పంపడం మానేసింది. అప్పటికి నేను ఇక్కడికి వచ్చేశాను. నా పాత సహోద్యోగి ఫోన్‌లో చెప్పాడు. అతని చెల్లెలు మూడు నెలల పాపతో వంతెన దాకా వచ్చి వెనక్కి వెళ్లింది. పాప పాస్‌పోర్టు సరిగానే ఉంది, తల్లి పాస్‌పోర్టూ సరిగానే ఉంది. కంప్యూటర్‌లో మాత్రం పాప పుట్టలేదు. ఆ నెలల్లో అలా వెనక్కి వెళ్లిన పసిపిల్లలు చాలామంది. ఇందులో రామల్లా పంతం కూడా ఉందని గమనించండి. వాళ్ల నిరసన భారం మోసింది వాళ్ల పిల్లలే.

ఇక భూభాగం. 1995 నాటి రెండో ఓస్లో ఒప్పందం వెస్ట్ బ్యాంకును ఏ, బీ, సీ అని మూడు ముక్కలు చేసింది. ఏ అంటే దాదాపు 18 శాతం, పట్టణాలు, పాలస్తీనా పోలీసు. బీ 22 శాతం, అక్కడ పౌర పాలన వాళ్లది, భద్రత ఇజ్రాయెల్ చేతిలో. సీ దాదాపు 60 శాతం, పూర్తిగా ఇజ్రాయెల్ చేతిలో. ఇదంతా అయిదేళ్లకు చేసుకున్న ఏర్పాటు, ముప్పై ఏళ్లు దాటింది. పటం చూస్తే ఏ, బీ ముక్కలు దీవుల్లా ఉంటాయి. వాటి చుట్టూ ఉన్న సీ ప్రాంతంలో సెటిల్‌మెంట్లు, అంటే ఇజ్రాయెలీల కాలనీలు, పెరిగాయి. తూర్పు జెరూసలెం కాకుండా ఇప్పుడు అక్కడ సుమారు అయిదు లక్షల మంది ఇజ్రాయెలీలున్నారు, తూర్పు జెరూసలెంలో ఇంకో రెండు లక్షల పైచిలుకు. 2025 ఆగస్టులో 'ఈ1' అనే చోట దాదాపు 3,400 ఇళ్ల ప్రణాళికకు ఆమోదం తెలిపారు. జెరూసలెంకు, మాలె అదుమీం సెటిల్‌మెంటుకు మధ్య ఉన్న నేల అది. అక్కడ ఇళ్లు లేస్తే రామల్లా నుంచి బెత్లెహేము వెళ్లే సహజమైన దారి మూసుకుపోతుంది. నా దృష్టిలో గత పదేళ్లలో ఐక్యరాజ్యసమితిలో పడిన ఓట్లన్నిటి కంటే ఈ ఒక్క కాలనీ ప్రణాళికకే బరువెక్కువ.

పాలస్తీనాలో రెండో భాగమైన గాజా వెస్ట్ బ్యాంకుకు నలభై కిలోమీటర్ల దూరంలో ఉంది, విస్తీర్ణం 365 చదరపు కిలోమీటర్లు. రెంటినీ కలిపే దారి 1999 అక్టోబరులో తెరిచి, ఏడాదికే మూసేశారు. 1998లో గాజాలో విమానాశ్రయం కూడా తెరిచారు. ఈ తరానికి నమ్మశక్యం కాదు కానీ అక్కడి నుంచి పాలస్తీనా ఎయిర్‌లైన్స్ విమానాలు ఎగిరాయి. 2000లో మొదలైన పాలస్తీనీయుల రెండో తిరుగుబాటు (ఇంతిఫాదా) కాలంలో ఇజ్రాయెల్ సైన్యం రన్‌వేను తవ్వేసింది.

ప్రభుత్వం ఎవరిది? ఇక్కడ పాలస్తీనా పక్షంవారు కోపం తెచ్చుకున్నా చెప్పక తప్పదు. మహమూద్ అబ్బాస్ 2005 జనవరిలో నాలుగేళ్లకు ఎన్నికయ్యారు. ఇంకా ఆయనే ఉన్నారు. 2006 జనవరి పార్లమెంటు ఎన్నికల్లో 132 స్థానాల్లో 74 హమాస్ గెలిచింది. 2007 జూన్‌లో గాజాలో అబ్బాస్ పార్టీ ఫతా, హమాస్ తుపాకులతో తేల్చుకున్నాయి. ఆనాటి నుంచి రెండు పాలనలు. 2021లో ఎన్నికలన్నారు, తూర్పు జెరూసలెంలో ఓటింగుకు ఇజ్రాయెల్ హామీ ఇవ్వలేదని వాయిదా వేశారు. ఆ కారణం అబద్ధం కాదు. అయితే ఓడిపోతామన్న భయం అంతకంటే పెద్ద కారణమని రామల్లా టీకొట్టులో ఎవరిని అడిగినా చెబుతారు. మా వ్యాపారులు ఇజ్రాయెల్ తనిఖీని ఎంత తిట్టేవారో, సొంత మంత్రిత్వశాఖల్లో చేతులు తడపడాన్నీ అంతే తిట్టేవారు.

ఇజ్రాయెలీల భయాన్ని కూడా తీసిపారేయలేం. 2005లో గాజా నుంచి సైన్యాన్ని, ఎనిమిది వేల మందికి పైగా సెటిలర్లను వెనక్కి తీసుకెళ్లారు. రెండేళ్లలో అక్కడ హమాస్ రాజ్యమైంది. 2023 అక్టోబరు 7న సుమారు 1,200 మందిని చంపారు, 251 మందిని బందీలుగా పట్టుకెళ్లారు. గాజాలాంటిదే ఇంకొకటి టెల్ అవీవ్‌ను కిందికి చూసే కొండల మీద వస్తే ఏమిటన్నది అక్కడి మామూలు మనిషి ప్రశ్న. 2024 జూలైలో వాళ్ల పార్లమెంటు పాలస్తీనా దేశాన్ని వ్యతిరేకిస్తూ 68–9 ఓట్లతో తీర్మానం చేసింది. అక్టోబరు 7 తర్వాత గాజాలో జరిగిన విధ్వంసం మీరు చూస్తూనే ఉన్నారు. ఆ భయం నిజమే. కానీ కొండ మీద ఇంకో కాలనీ కట్టడం ఆ భయానికి మందు ఎలా అవుతుందో నాకు పద్నాలుగేళ్లలో ఎవరూ అర్థమయ్యేలా చెప్పలేదు.

సరే, రేపు నిజంగా దేశమైతే? కొన్ని మార్పులు ఇప్పటికే మొదలయ్యాయి. 2012 హోదా వల్లే 2015లో అంతర్జాతీయ నేర న్యాయస్థానంలో చేరగలిగారు. 2024 నవంబరులో నెతన్యాహు మీద అరెస్టు వారంటు రావడానికి ఆ చేరికే దారి వేసింది. అదే న్యాయస్థానం హమాస్ నాయకుడి మీదా వారంటు ఇచ్చింది. దేశం అన్నాక సొంత మనుషులకూ జవాబుదారీతనం తప్పదు. సముద్రం సంగతీ ఉంది. గాజా తీరంలో 2000లో సహజవాయువు దొరికింది, ఇప్పటికీ ఒక్క బుడగ బయటికి రాలేదు. సముద్ర హక్కులున్న దేశమైతే దాన్ని ఎవరికి అమ్మాలో వాళ్లే నిర్ణయించుకుంటారు.

అన్నిటికంటే చిక్కుముడి శరణార్థులది, అంటే 1948 యుద్ధంలో ఇళ్లు కోల్పోయిన పాలస్తీనీయులది, వారి సంతతిది. ఐక్యరాజ్యసమితి సహాయ సంస్థ దగ్గర నమోదైనవారే సుమారు 59 లక్షలు. ఇళ్లకు తిరిగి వెళ్లే హక్కు ఉందని 1948 నాటి 194వ తీర్మానం చెబుతుంది. రేపు రామల్లా పాస్‌పోర్టు ఇస్తే ఆ హక్కు తీరిపోయినట్టా? ఇప్పుడు ఇజ్రాయెల్‌లో ఉన్న హైఫా నుంచి వచ్చిన తాత ఇల్లు వదులుకున్నట్టా? లెబనాన్‌లో పాలస్తీనీయులకు ఆస్తి కొనే హక్కు లేదు, అనేక వృత్తుల్లోకి రానివ్వరు. 'మీకు దేశం వచ్చిందిగా, వెళ్లండి' అని అక్కడి రాజకీయ నాయకులు మర్నాడే అంటారని భయం. జోర్డాన్‌లో మా ఆఫీసులో సగం మంది పాలస్తీనా మూలాలవారే, అందరికీ జోర్డాన్ పౌరసత్వం ఉంది. టీ తాగుతూ ఈ మాట ఎత్తితే గది నిశ్శబ్దమైపోయేది. సొంత దేశం రావాలని అందరికీ ఉండేది, వస్తే తమ జోర్డాన్ కాగితాలు ఏమవుతాయోనన్న గుబులూ ఉండేది.

గుర్తింపు ఒక్కటే చాలదనడానికి వేరే ఉదాహరణలున్నాయి. కొసావోను వందకు పైగా దేశాలు గుర్తించాయి, సమితిలో సీటు లేదు. పశ్చిమ సహారా వారి గణతంత్రాన్ని భారత్ 1985లో గుర్తించి, 2000లో వెనక్కి తీసుకుంది. మన దేశం సంగతే చూడండి. 1947లో పాలస్తీనా విభజన ప్రణాళికకు వ్యతిరేకంగా ఓటు వేశాం, 1974లో పీఎల్ఓను గుర్తించాం, 1988లో దేశాన్నే గుర్తించాం. 2018 ఫిబ్రవరిలో భారత ప్రధాని మొదటిసారి రామల్లా వెళ్లారు. అప్పుడు నేను అమ్మాన్‌లోనే ఉన్నాను. ఆయన అమ్మాన్ నుంచి జోర్డాన్ హెలికాప్టరులో వెళ్లారు, ఇజ్రాయెల్ హెలికాప్టర్లు తోడు వెళ్లాయి. ముప్పై ఏళ్ల కిందట మనం గుర్తించిన దేశానికి వెళ్లడానికి మూడో దేశం వాహనం, రెండో దేశం అనుమతి.

2025 నవంబరు 17న భద్రతా మండలి 2803వ తీర్మానం చేసింది. గాజాకు అంతర్జాతీయ దళం, పైన ఒక శాంతి మండలి అంది. రామల్లా సంస్కరణలు, గాజా పునర్నిర్మాణం ముందుకు సాగితే దేశం దిశగా నమ్మదగిన దారి 'ఏర్పడవచ్చు' అని రాశారు. కాగితాల పని చేసినవాణ్ణి కాబట్టి నా కన్ను ఆ 'వచ్చు' మీదే పడింది. ఒప్పందంలో అలాంటి మాట ఉంటే మేము సరుకు ఎక్కించేవాళ్లం కాదు.

ఇప్పుడు మీ బావ విషయం. 2023 అక్టోబరుకు ముందు వెస్ట్ బ్యాంకు నుంచి సుమారు లక్షన్నర మంది రోజూ ఇజ్రాయెల్‌లోనూ సెటిల్‌మెంట్లలోనూ పనికి వెళ్లేవారు, ఎక్కువమంది నిర్మాణంలోనే. ఆ నెల తర్వాత అనుమతులు దాదాపు అన్నీ ఆగిపోయాయి. ఆ ఖాళీలోకే మనవాళ్లు వెళ్లారు. అంతకు ముందే, 2023 మేలో, 42,000 మంది భారతీయ కార్మికుల కోసం రెండు ప్రభుత్వాలకు ఒప్పందం కుదిరింది, అందులో 34,000 మంది నిర్మాణానికి. కనుక గుర్తింపు వార్తల వల్ల బావ వీసాకు ఏమీ కాదు. ప్రశాంతత నెలకొని పాలస్తీనా కూలీలకు గేట్లు తెరిస్తే పోటీ పెరగవచ్చు. ఇంటికి వెళ్లి పడుకునే కూలీకి వసతి ఇవ్వనక్కర్లేదు, మేస్త్రీలు అదే చూస్తారు. అది ఈ ఏడాదో వచ్చే ఏడాదో జరుగుతుందని నేననుకోను.

నేను కంగారుపడేది వేరే విషయానికి. 2025 మార్చిలో పదిమంది భారతీయ నిర్మాణ కార్మికులను వెస్ట్ బ్యాంకులోని ఒక గ్రామం నుంచి ఇజ్రాయెల్ అధికారులు విడిపించారు. పని చూపిస్తామని తీసుకెళ్లి, పాస్‌పోర్టులు లాక్కుని, నెలకు పైగా అక్కడే ఉంచారు. ఆ పాస్‌పోర్టులతో వేరేవాళ్లు తనిఖీ కేంద్రాలు దాటడానికి చూశారు. కాబట్టి బావను తాను పనిచేసే చోటి లొకేషన్ ఫోన్‌లో పంపమనండి. ఇజ్రాయెల్‌ను వెస్ట్ బ్యాంకు నుంచి వేరు చేసే 1967 గీతకు ఏ వైపు ఉందో పటంలో మీరే చూడండి. ఒప్పందంలో రాసిన యజమాని కాక వేరెవరైనా ఎక్కువ కూలీ ఇస్తామని వ్యాను ఎక్కమంటే ఎక్కవద్దనండి. పాస్‌పోర్టు 'రేపు ఇస్తాం' అని ఎవరడిగినా, మేస్త్రీ అయినా సరే, ఇవ్వవద్దని చెప్పండి. టెల్ అవీవ్‌లోని మన రాయబార కార్యాలయం అత్యవసర నంబరు అతని ఫోన్‌లో ఉందో లేదో ఈ రాత్రే అడగండి. లొకేషన్ చూశాక అనుమానం ఉంటే ఊరి పేరు మాత్రం ఇక్కడ రాయండి, ఆ దారులు నాకు కొంత తెలుసు.